గ్రహణం వేళ సవతి గొంతు

ఆ సాయంత్రం పనికి బయలుదేరే ముందు ఆయన పెరట్లో వేలాడుతున్న తీగను బిగించి కట్టాడు. మిద్దె మీది ఇనుప గొట్టం కొస నుంచి పెరటి గోడదాకా దిగే తీగ అది. ఆవిడ దుప్పట్ల బరువుకు మళ్ళీ సాగిపోయింది.

“బట్టలారేసే తీగకి ఎన్ని సేవలో! నా సవతి గానీ వస్తోందా ఏంటి?” అంది.

“వస్తుంది. వచ్చే నెల గ్రహణం రోజు, మిట్టమధ్యాహ్నం వస్తుంది,” అని నవ్వి, సైకిలెక్కి బేకరీకి వెళ్ళాడు. తెల్లవారేసరికి రొట్టెల పొయ్యి పక్కన, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

సవతంటే ఆడమనిషి కాదు. ఎక్కడో దూరాన ఉండే బొంగురు గొంతు పెద్దమనిషి. ఆయనకీ ఆ పెద్దమనిషికీ హామ్ రేడియో పిచ్చి, ఇంట్లోంచే దూరాన ఉన్నవాళ్ళతో గాలిలో మాట్లాడుకునే రేడియో. పెళ్ళయిన కొత్తలో ఆయనది పగటి పనే. చీకటి పడగానే మైకు పట్టుకుని ఆ గొంతుతో వానల గురించీ మోకాళ్ళ నొప్పుల గురించీ కబుర్లాడేవాడు. ఎదురుగా ఉన్న పెళ్ళానికి ఊఁ కొట్టడానికి బద్ధకించే మనిషి అక్కడ పగలబడి నవ్వేవాడు. ఆవిడ కుట్టు దుకాణం నుంచి వచ్చి, బట్టలుతికి ఆరేసి, గుమ్మంలో కూర్చుని ఆ నవ్వు వినేది.

తర్వాత ఆయనకు బేకరీలో రాత్రి పని వచ్చిపడింది. అవతలాయన కూడా ఆసుపత్రిలో రాత్రి కాపలాకు మారాడు. సెలవులూ కలిసేవి కావు. పగలు ఇద్దరికీ తీరికే, కానీ పగలు మాట అందదు.

“ఎండకి ఆకాశంలో ఒక పొర పుడుతుంది. మన మాటని మింగేస్తుంది. పొద్దుగూకితే అది కరుగుతుంది, మాట దాన్ని దాటి పైకెళ్ళి, ఎక్కడో దూరాన దిగుతుంది. గ్రహణమంటే సూర్యుడు కునుకు తీసినట్టే. ఆ కాసేపు చాలు నాకు,” అనేవాడు.

ఆ కాసేపు ఇప్పుడు ఆవిడకు కావాలి. ఆయన్ని నవ్వించిన గొంతును ఒక్కసారి వినాలి.

గ్రహణం రోజు పొద్దున ఆయన పని చొక్కాలు ఉతికింది. పిండి వాసన పోతుందని అన్నాళ్ళూ ముట్టుకోలేదు. ఆయన ఎదురుచూసిన రోజున అవి మాసి ఉండకూడదనిపించింది. మధ్యాహ్నానికి మరిది వచ్చి రేడియో ముందు కూర్చున్నాడు. అన్న దగ్గర నేర్చుకున్న విద్యే.

“నీకు లైసెన్సు లేదొదినా. వినొచ్చు గానీ మాట్లాడకూడదు.”

“మీ అన్న మాత్రం నన్నెప్పుడు మాట్లాడనిచ్చారు!”

వెలుగు బూడిదరంగుకు తిరిగింది. రేడియోలో హోరు తగ్గింది. అడుగున ఎవరో గొణుగుతున్నారు, మాట విడిపడటం లేదు. మరిది కిటికీలోంచి చూసి అదిరిపడ్డాడు.

“తీగ మీద తడి బట్టలేంటొదినా?”

“ఎప్పుడూ అక్కడేగా ఆరేసేది.”

“అది ఏరియల్! మాటని పట్టేదీ పంపేదీ ఆ తీగే, తడి బట్టలుంటే సరిగా అందదు!”

“ఏరియల్ ఆ గొట్టం కాదూ? తీగ దాన్ని పడకుండా పట్టుకునేదనుకున్నానే!”

“అన్నయ్య చెప్పలేదా?”

ఆవిడ పరుగెత్తి చొక్కాలన్నీ లాగి, తడివాటినే గుండెకు అదుముకుని వచ్చింది. ఈసారి గొంతు ఎదురింట్లోంచి పిలిచినంత స్పష్టంగా ఉంది: “ఉన్నావా? ఇవాళైనా ఉన్నావా, ఓవర్.”

మరిది మైకు నొక్కి అన్న పోయిన సంగతి చెప్పాడు. వదిన పక్కనే ఉంది, వింటోంది అని కూడా చెప్పాడు. ముంగిట్లో ఎండ మళ్ళీ పసుపెక్కుతోంది. హోరు మెల్లగా లేస్తుండగా ఆ గొంతు వచ్చింది:

“మాట కడిగినట్టుంది తమ్ముడూ, ఇవాళ తీగ మీద చీరలు లేనట్టుంది. అప్పట్లో మీ అన్న రోజూ అనేవాడు... తడి చీరలున్నాయిరా, కాస్త గట్టిగా మాట్లాడు, పాపం ఆరేసుకోడానికి ఆవిడకి మరో చోటు లేదు అని.”