రూతమ్మగారు విన్న రాక్ పాటలు

పక్క ఫ్లాటులో కొత్తగా దిగిన కుర్రాడు ఎలక్ట్రిక్ గిటారు నేర్చుకుంటున్నాడు. గోడలు అదిరేలా వాయిస్తాడు. మావారు విసుక్కుంటారు గానీ నాకు ఆ మోత బాధ కాదు. అది ఠక్కున ఆగిపోయినప్పుడే నా చేతిలో గరిటె ఆగిపోతుంది. మళ్ళీ మొదలయ్యేదాకా గోడకేసి చెవి పెడతాను. ఈ పిరికితనం నన్ను అనకాపల్లిలో పట్టుకుంది. దాన్ని పట్టుకునే బతకడం నేర్పిన మనిషి రూతమ్మగారు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలు. నేను డిగ్రీ చదువుతున్నాను. తమ్ముడు సుధీర్ మా గుడిలో, అదే చర్చిలో, గిటారు వాయించేవాడు. ఆ ఏడు బెల్లం సీజనులో బుచ్చయ్యపేట దగ్గర మా మావయ్య గానుగకు సాయం వెళ్ళి, చెరకు గడలు అందిస్తూ ఎడం చెయ్యి రోలర్ల మధ్య ఇరికించుకున్నాడు. వేళ్ళు పోయాయి, అవీ తీగలు నొక్కే వేళ్ళు. ఆసుపత్రి నుంచి వచ్చాక గదిలోంచి కదల్లేదు, ఎవరితోనూ మాట లేదు. పొద్దస్తమానం టేప్ రికార్డరులో ఇంగ్లీషు రాక్ పాటలు పెట్టుకుని పడుకునేవాడు. నాన్న గెడ్డం గీసుకునే బ్లేళ్ళు తీసి బీరువాలో పెట్టి తాళం వేశారు. ఎందుకని అమ్మా అడగలేదు, నేనూ అడగలేదు. నేను వంటింట్లో కూర తరుగుతూ ఆ పాటలకు చెవి అప్పగించేదాన్ని. పాట మోగుతోందంటే వాడున్నట్టే.

అంతలో గుడిలో ఉజ్జీవ కూటాలు, చల్లారిన భక్తిని మళ్ళీ రగిలించే సభలు, వచ్చాయి. రాక్ సంగీతం సాతానుదనీ, ఆ కేసెట్లు ఉన్న ఇంటికి శాపం తప్పదనీ ప్రసంగీకుడు గొంతు చించుకుని చెప్పాడు. అలాంటివన్నీ తెచ్చి ఆఖరి సాయంత్రం గుడి ముందు తగలబెట్టడం అప్పట్లో మావాళ్ళకు ఆనవాయితీ. నాన్న హడలిపోయారు. కొడుకు వేళ్ళు పోయింది ఈ పాటల వల్లేనని ఆయన మనసులో పడిపోయింది. ఆదివారం మధ్యాహ్నం కేసెట్లన్నీ గోనెసంచిలో వేసి మూతి కట్టేశారు. సుధీర్ అడ్డం చెప్పలేదు, గోడవైపు తిరిగి పడుకున్నాడంతే. గదిలో చప్పుడు ఆగిపోయింది. చెప్పులు కూడా వేసుకోకుండా రూతమ్మగారింటికి పరుగెత్తాను.

మా వీధి చివర ఉండే రిటైరైన నర్సమ్మ ఆవిడ. గుడిలో హార్మోనియం ఆవిడదే. శ్రుతి తప్పితే పాస్టరుగారినైనా ఆపి మళ్ళీ ఎత్తుకోమనేది. డ్రమ్ముల మోతంటే అస్సలు గిట్టదు. నాన్న వినేది ఆవిడ మాటే కనుక వెళ్ళానుగానీ, ఆవిడ కేసెట్ల పక్షం వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

వచ్చీ రాగానే సంచి తన ముందు పెట్టించుకుంది. కాల్చడానికి తొందరేముంది, ఏం కాలుస్తున్నామో ముందు తెలియాలి కదా అని నాన్న నోరు మూయించింది. తర్వాత సుధీర్ మంచం పక్కకు కుర్చీ లాక్కుని కూర్చుంది.

“సచ్చిపోవాలనుందేట్రా?” అని అడిగింది, జ్వరముందా అని అడిగినంత మామూలుగా.

నేను గుమ్మం పట్టుకున్నాను. ఇంట్లో అందరం నోటిదాకా వచ్చి మింగేసిన మాట అది.

“ఉందండి,” అన్నాడు వాడు.

ఆవిడ కేకలు వెయ్యలేదు, తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన అందుకోలేదు. లేచి వెళ్ళనూ లేదు. సరే, నీకిష్టమైన పాట పెట్టు అంది. సగం అయ్యేసరికి తనే టేపు నొక్కి ఆపేసింది. ఈ ఇంగ్లీషు యాస తనకు తెలియదనీ, వాడే అర్థం చెప్పాలనీ, మిగతాది రేపు విందామనీ చెప్పి, సంచి తనింటికి పట్టుకుపోయింది. గుడి ముందు మంట వేసిన సాయంత్రం కూడా ఆ సంచి ఆవిడ మంచం కిందే ఉంది. రూతమ్మకు చాదస్తం ముదిరిందని పెద్దలు గొణుక్కున్నారు.

రోజుకో కేసెట్టు కొంగులో పెట్టుకుని వచ్చేది. వాడు చెప్పేది వినేది, తెలియనిచోట దబాయించి మరీ అడిగేది. మొదటిరోజు సగంలో ఆపిన ఆ పాట బొగ్గు గని గురించి. గని కూలిపోతుంది. చీకట్లో ఒకడు ఇరుక్కుపోతాడు. పైనున్న తోటివాళ్ళు ఇనపగొట్టం మీద తడుతూనే ఉంటారు. వాడు బయటపడ్డాడో లేదో పాట చెప్పదు.

“ఇందులో యేసు పేరెక్కడా లేదండి. నాన్న కోపం అదే,” అన్నాడు సుధీర్.

“పేరు లేపోతే ఏటిరా? పైనుంచి తడతన్నోడు మానీలేదు కదా. ఆ తట్టేవోడ్ని అక్కడికి పంపిందెవుడు?” అంది ఆవిడ. టేపు వెనక్కి తిప్పుతూ, “దావీదు రాజూ కీర్తనల్లో ఇలాగే అరిసేడు. ఆయనకి కరెంటు లేదు, అంతే తేడా,” అంది. వాడు నవ్వాడు. వేళ్ళు పోయాక అదే మొదటి నవ్వు.

నా భయం మాత్రం తగ్గలేదు, పెరిగింది. ఆ సంచి అడుగు ఎప్పటికైనా కనిపించేదే కదా! కనిపించింది కూడా. ఆఖరి కేసెట్టు ఆఖరి పాట ఆగింది. ఆవిడ మోకాళ్ళు పట్టుకుని లేస్తూ, అయిపోయాయిరా అంది. వంటింట్లో కత్తిపీట ముందు నేను చెయ్యి ఆపి చెవి ఒగ్గాను. అప్పుడు వినిపించింది సుధీర్ గొంతు.

“ఆ గని పాట మళ్ళీ ఓసారి ఇందామండి. రేపు తెత్తారా?”

రేపు అన్నాడు. వాడి నోట ఆ మాట విని, తరుగుతున్న వంకాయ అలాగే వదిలేసి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

సుధీర్‌కు ఇప్పుడు పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు. రూతమ్మగారు పోయి చాలా ఏళ్ళయింది. మా గుళ్ళో సాక్ష్యం చెప్పడానికి లేచేవాళ్ళందరూ జరిగిపోయిన మేళ్ళే చెబుతారు, రోగం నయమైంది, ఉద్యోగం వచ్చింది అని. నా కళ్ళు లేవనివాళ్ళ మీద ఉంటాయి. ఆరాధన అయ్యాక ఎవరైనా ఒంటరిగా తలొంచుకుని కూర్చుంటే పక్కకు వెళ్ళి, రూతమ్మగారు అడిగిన ఆ మాటే అడుగుతాను. ఉందని జవాబొస్తే ఏం చెయ్యాలో ఇప్పటికీ నాకు తెలియదు. ఒకసారి వచ్చింది కూడా. ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చున్నాను, లేచి వెళ్ళిపోలేదు.