అవ్వ అడగని మాట

సెంటినరీ కాలనీ నుంచి గోదావరిఖని వెళ్లే బస్సులో ఒక అవ్వ నా పక్కన కూర్చుంది. దారిలో ఓపెన్‌కాస్ట్ బొగ్గుగని తవ్విపోసిన మట్టిగుట్ట కనపడగానే చెయ్యి చాపి చూపించింది.

"గా మట్టి కిందనే మా మూడెకరాలు ఉండె బిడ్డా. గప్పుడు ఇంట్ల తినేటోళ్లం అయిదుగురం. వడ్లు ఏడాదంతా తిన్నా మిగిలేటియి. భూమి పోయినంక పెద్దోనికి నౌకరి ఇచ్చిండ్రు. నౌకరి ఒక్కటే, తినేటోళ్లం ఇప్పుడు పద్నాలుగు మందిమి."

కాసేపటికి సంచిలోంచి చిన్న డబ్బా తీసింది. అడుగున కాస్త అన్నం, మీద పచ్చికారం. మా వైపు పక్కన మనిషి ఉంటే, ఎరగనివాళ్లయినా సరే, "జరంత తిను" అని అడగకుండా ఎవరూ ముద్ద ఎత్తరు. వద్దంటారని తెలిసే అడుగుతారు. ఆమె అడగలేదు. కిటికీ వైపు తిరిగి, డబ్బాకు కొంగు అడ్డం పెట్టుకుని గబగబా తినేసింది. నేను ఫోన్ చూస్తున్నట్టు నటించాను.

చెయ్యి కడుక్కున్నాక ఆ తడిచేత్తోనే నా మణికట్టు పట్టుకుంది.

"అడగలేదని ఏమనుకోకు బిడ్డా. నువ్వు ఊ అంటవేమోనని భయమైంది."

"అయ్యో, నేను తినే వచ్చిన అవ్వా," అన్నాను.

అబద్ధం. కమాన్‌పూర్‌లో ఆమె దిగిపోయింది. నా ఒళ్లో సంచిలో టిఫిన్ డబ్బా నిండుగా, ఇంకా వెచ్చగా ఉంది. ఆమెను అడగాలని నాకు తోచనే లేదు.