అండాలమ్మ బొగ్గులు

కొత్తపేట గల్లీలో అండాలమ్మ నోటికి జడవని వాడు లేడు. నల్గొండ దిక్కు పల్లె నుంచి వచ్చి, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఇస్త్రీ బండి పెట్టుకుని, మొగుడు పోయాక కూడా దాని మీదే బతుకుతున్న మనిషి. కాలర్ నలిగిందని ఎవరైనా నసిగితే, "నీ మొకమే నలిగినట్టున్నది, అది గూడ చేయాల్నా?" అనేస్తుంది. అంతటి మనిషీ నోరు విప్పని సంగతి ఒకటుంది. ఆమె చిన్నప్పుడు ఊళ్లో ఎవరిదో ఎద్దు చస్తే, మంత్రాలు చేసిందని ఆమె తల్లిని కట్టేసి పళ్లు రాలగొట్టారు. బతికినన్నాళ్లూ ఆ తల్లి జొన్నరవ్వతో మెత్తగా ఉడికించిన గటక తప్ప ఇంకేమీ తినలేకపోయింది.

ఎదురింటి పై గదిలోకి ఇథియోపియా నుంచి చదువుకు వచ్చిన హిరుత్ కిరాయికి దిగింది. పాపం, ఆ పిల్లకి కావలసినవి ఏ దుకాణంలోనూ దొరికేవి కావు. వాళ్ల దేశంలో కాఫీ అంటే పచ్చి గింజలు వేయించి, దంచి, మట్టికూజాలో బొగ్గుల మీద కాచి, సాంబ్రాణి పొగ వేసి, నేల మీద పచ్చగడ్డి పరిచి, పిలిచిన వాళ్లందరికీ పోయడమట. ఇక్కడేమో ఎవరిని అడిగినా డబ్బాలో పొడి చూపించారు.

"గింత పరేషాన్ ఎందుకు బిడ్డా, నాతోని రా" అని అండాలమ్మ బండి మూసి బయలుదేరింది. పచ్చి గింజలు దిల్‌సుఖ్‌నగర్‌లో కాఫీ పొడి పట్టే కొట్టులో దొరికాయి. సాంబ్రాణి, గరిక పూజా సామాన్ల దుకాణంలో దొరికాయి. కూజా కోసం ఎల్‌బీ నగర్ దాకా పోయారు. సన్న మెడ కూజా చిక్కేదాకా ఆ పిల్ల కుండలన్నీ కెలికితే, అమ్మేవాడు తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. ఇక బొగ్గులు అండాలమ్మ తన బండివే ఇచ్చింది.

ఆదివారం సాయంత్రం ఆ గదిలోంచి పొగ లేచింది. తెరిచిన తలుపులోంచి గల్లీ అంతా తొంగి చూసింది. నిప్పులు, గరిక, సాంబ్రాణి, కూజాలో నల్లటి నీళ్లు! సరిగ్గా అప్పుడే కింది ఇంటి మహిపాల్ కొడుక్కి జ్వరమెక్కి ఫిట్స్ వచ్చాయి. ఇంకేం కావాలి? పిల్లవాణ్ణి దవాఖానకు ఎత్తుకు పోవాల్సిన తండ్రి కర్ర పట్టుకున్నాడు. వెధవ! వాడి వెనక గుంపు.

గదిలోకి చొరబడి, హిరుత్‌ను జుట్టు పట్టి మెట్ల మీదుగా ఈడ్చుకొచ్చారు. కూజా భళ్లున పగిలింది. ఒకడు చెంప పగలగొట్టాడు, ఇంకొకడు కడుపులో తన్నాడు. ఆ పిల్ల తన భాషలో ఏడుస్తుంటే, అదే మంత్రమనుకుని ఇంకా కొట్టారు.

"పండ్లు రాలగొట్టుండ్రి! మళ్ల మంత్రం పలకరాకుంట!" అని మహిపాల్ రాయి అందుకున్నాడు.

బండి దగ్గరున్న అండాలమ్మ చెవిన ఆ మాట పడింది. నిప్పులతో కాలుతున్న ఇస్త్రీ పెట్టె చేత్తో ఎత్తి పరుగెత్తింది.

"ఇడువుండ్రిరా పోరిని!"

ఎవడూ వినలేదు. మహిపాల్ రాయెత్తాడు. అండాలమ్మ పెట్టెను వాడి మణికట్టుకు ఒత్తింది. చర్మం చుర్రుమంది, వాడు గావుకేక పెట్టాడు. వాడి తమ్ముడి కర్ర వచ్చి ఆమె మూతి మీద పడింది. ఆమె హిరుత్ మీద ఒరిగిందే గాని పెట్టె వదల్లేదు.

"గా బొగ్గులు నావి! గా గరిక నేనే ఇప్పిచ్చిన!" నోట్లోంచి రక్తం కారుతూనే అరిచింది. "మంత్రగత్తెను నేనేరా, రాండ్రి!"

ఒక్కడూ కదల్లేదు. లోపల్నుంచి మహిపాల్ పెళ్లాం "పోరడు కండ్లు తేలేస్తుండు, ఆటో పిలువుండ్రి!" అని గుండెలు బాదుకుంటేగాని వాళ్లకు పిల్లవాడు గుర్తు రాలేదు. దవాఖానలో సూది మందు ఇస్తే తేరుకున్నాడు.

నోరు కడుక్కుని చూసుకుంటే అండాలమ్మ ముందు పళ్లు లేవు. అప్పుడు భోరుమంది.

"మా అమ్మకు గా దినం అడ్డం ఎవ్వలు రాలే బిడ్డా."

హిరుత్‌కు మాట అర్థం కాలేదు. కానీ ఆమెను గట్టిగా పట్టుకుని తానూ ఏడ్చింది.

మర్నాడు బండి మీదికి ఒక్క బట్టా రాలేదు. అయినా అండాలమ్మ బొగ్గులు రాజేసింది. హిరుత్ కుంటుకుంటూ సత్తు గిన్నె తెచ్చి, గల్లీ అంతా చూస్తుండగా, ఆ నిప్పుల మీదే కాఫీ కాచి ఆమెకు పోసింది. వేడి చిగుళ్లకు తగిలి ప్రాణం పోయినంత పనైంది.

"అబ్బా!" అని, అండాలమ్మ మళ్లీ గ్లాసు చాచింది.