చెక్క గొట్టం గ్రామఫోన్

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే నవ్వు ఆపుకోవడానికి కష్టపడే మనిషిని నేను. రాయపూర్ రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు ఫిట్టర్‌గా పనిచేశాను. కదిలే ప్రతిదాన్నీ ఏదో ఒకటి కదిలిస్తుంది. అదేమిటో వెతికి పట్టుకోవడమే నా పని. ఇప్పటికీ దయ్యం అనే మాట అనను. కానీ ఆ ఆదివారం గుర్తొస్తే మాత్రం ఒకచోట కుదురుగా కూర్చోలేను.

అప్పటికి రిటైరై ఆరునెలలైంది. వానాకాలం. పండరీ బట్టల బజారులో పనిచేసే మా బావమరిది మూర్తి పొద్దున్నే స్కూటరేసుకుని వచ్చాడు. తివారీగారని ఒక రిటైర్డ్ మాస్టారు ఇల్లు ఖాళీ చేస్తూ సామాన్లు వేలానికి పెట్టారట. అందులో ఒక గ్రామఫోన్ ఉంది, వేలంలో పాడుకుంటాను, అసలుదో నకిలీదో చూసి చెప్పమన్నాడు. పాత గ్రామఫోన్లు బాగుచెయ్యడం మా నాన్న నేర్పిన సరదా. నకిలీలు చాలానే చూశాను.

దీన్ని చూడగానే అనుమానమొచ్చింది. ఇత్తడి గొట్టం ఉండాల్సినచోట టేకు రేకలతో పువ్వులా చేసిన గొట్టం ఉంది. అలాంటిది నేనెన్నడూ చూడలేదు. అయితే ఎంత వెతికినా తప్పు దొరకలేదు. నకిలీ సరుక్కి పాలిష్ వాసన వస్తుంది, దీనికి పాత కర్ర వాసనే. స్క్రూల గాట్లలో దుమ్ము గట్టిపడిపోయింది. ఎన్నో ఏళ్లుగా ఎవరూ విప్పలేదన్నమాట.

తివారీగారిని అడిగి హ్యాండిల్ తిప్పాను. తిప్పేకొద్దీ బిగిసింది. ఆ బిగువు నా మణికట్టుకి తెలిసింది. షెహనాయి రికార్డొకటి పెట్టాను. హాల్లో పదిహేనుమంది దాకా ఉన్నారు. అందరూ మాటలాపి విన్నారు. చివర్లో స్ప్రింగ్ సడలితే ఎలా జారుతుందో అలాగే స్వరం జారి ఆగిపోయింది.

స్ప్రింగ్ కూడా పాతదేనా చూద్దామని అందరి ఎదుటే రికార్డుని తిప్పే మోటారు విప్పాను. స్ప్రింగ్ ఉండే డబ్బీ మూత తీశాను. లోపల స్ప్రింగ్ లేదు.

అదేమీ జేబులో పట్టే వస్తువు కాదు. విప్పితే గది అడ్డంగా పరుచుకునేంత ఉక్కు పట్టీ. అది లేకపోతే రికార్డు తిరగదు.

తివారీగారి ముఖం మారింది. మీరు తప్ప దీన్ని ఎవరూ ముట్టుకోలేదని హిందీలో మెల్లగా అన్నారు. నా సంచీ బల్లమీద బోర్లించాను. స్క్రూడ్రైవర్లు, టార్చి, ఒక గుడ్డపీలిక. మూర్తి తల దించుకున్నాడు. వాడికీ అనుమానమొచ్చిందేమో అనిపించింది.

టార్చి తీసి డబ్బీలోకి వెలుగు వేశాను. ఇరుసుకీ డబ్బీ గోడకీ మధ్య కందిరీగ కట్టిన మట్టిగూడు, ఎండిపోయి, చెక్కుచెదరకుండా ఉంది. స్ప్రింగ్ పోయి ఏళ్లయిందన్నమాట. తివారీగారు వంగి చూశారు. తనే హ్యాండిల్ పట్టుకుని తిప్పారు. ఏ బిగువూ లేకుండా వదులుగా తిరిగింది. ఇందాక నేను తిప్పినప్పుడు రాలని గూడు మా కళ్లముందే పొడై రాలింది.

ఆయన కుర్చీలో కూలబడి నన్ను క్షమించమన్నారు. "మీరు కూడా విన్నారు కదా?" అని అడిగారు. విన్నానన్నాను.

వేలం గుమాస్తా కాగితం ఇచ్చి అభిప్రాయం రాయమన్నాడు. అసలుదే, నా ఎదుట పాడింది, స్ప్రింగ్ లేదు అని రాశాను. అతను చదివి, స్ప్రింగ్ లేనిది ఎలా పాడుతుంది, రెండింట్లో ఒకటి కొట్టెయ్యండన్నాడు.

"కొట్టీకు బావా," అన్నాడు మూర్తి. "అందరం ఇన్నాం కదేటి."

పాడిందన్న ముక్క కొట్టేసి సంతకం పెట్టాను. మూర్తి వేలం పాడలేదు. ఆ పెట్టె ఎవరు కొనుక్కుపోయారో కనుక్కోలేదు.

ఒక్కణ్ణే విని ఉంటే నా చెవుల భ్రమ అని సరిపెట్టుకునేవాణ్ణి. ఆ మోటారు బొమ్మ కాగితం మీద ఎన్నిసార్లు గీసుకున్నానో. ఎందుకు కొట్టేశావు బావా అని మూర్తి ఇప్పటికీ అడుగుతాడు. పాడిందని రాస్తే ఎలా పాడిందో చెప్పాలి. చెప్పడానికి నా దగ్గర ఆ రోజూ ఏమీ లేదు, ఈ రోజూ లేదు.