ఇటుకకు మిగిలిన వేగం

బాలకిషన్ నాంపల్లిలో ఒక హైస్కూలు సైన్సు పంతులు. తాను ఉర్దూలో చదువుకున్నదంతా ఇప్పుడు తెలుగులో చెప్పాల్సి వచ్చింది. 1953లో మెట్రిక్ పిల్లలకు ప్రక్షేపకాల పాఠం మొదలుపెట్టి, సరైన మాటలు దొరక్క నల్లబల్ల నిండా వంపు గీతలు గీశాడు. పిల్లలు వాటిని నోటుబుక్కుల్లోకి ఎక్కించుకున్నారు. విసిరిన వస్తువుకు పైకి పోయే వేగం వేరు, ముందుకు పోయే వేగం వేరు అన్నది మాత్రం ఎవరి తలకూ ఎక్కలేదు.

ఆయన రోజూ నడిచే దారిలో, ఆబిడ్స్‌లో, దుకాణాల భవనం ఒకటి లేస్తోంది. కింద నుంచి దుర్గయ్య ఇటుకలు విసిరితే, పరంజా మీద గోడకు వీపు పెట్టి నిలబడ్డ మొగులయ్య అందుకునేవాడు. ఇద్దరూ మెదక్ వైపు నుంచి కూలికి వచ్చిన బావాబామ్మర్దులు. నిట్టనిలువుగా లేచిన ఇటుక మొగులయ్య చేతుల దగ్గరికి వచ్చేసరికి, వేగమంతా పోయి గాలిలో ఆగినట్టుండేది. అతను కాయ కోసినట్టు దాన్ని తీసుకునేవాడు.

ఒక మధ్యాహ్నం బాలకిషన్ పిల్లలను వెంటబెట్టుకొచ్చి ఇది చూపించాడు. వాళ్ల మొహాలు వికసించాయి. అక్కడితో ఆగితే బాగుండేది. ఆయనకు హుషారెక్కింది.

"దుర్గయ్యా, జర వెనుకకు పోయి గా రోడ్డు అంచు నుంచి విసురు. పిల్లలు వంపు చూడాలె."

"గంత దూరం నుంచా సార్?"

"ఏం కాదు. ఎత్తు ఎప్పటంతనే. మొగులయ్య పడతడు."

"కానియ్యి బావా!" అని పైనుంచి మొగులయ్య నవ్వాడు.

ఇటుక చక్కటి వంపు తిరిగింది. మొగులయ్య ఎత్తుకు చేరేసరికి పైకి పోయే వేగం ఎప్పటిలాగే తీరిపోయింది. ముందుకు పోయే వేగం మాత్రం అలాగే ఉంది. మొగులయ్య మెత్తగా పట్టబోయాడు. ఇటుక అతని కుడిచేతిని వెనక గోడకేసి కొట్టింది.

కేక విని మేస్త్రీ వెంకటేశం పరుగెత్తుకొచ్చాడు. "నజర్ యాడ పెట్టినవ్‌రా? ఇన్నేండ్ల సంది పడుతున్నవ్, గిదేంది?" అని దెబ్బ తగిలినవాడి మీదే విరుచుకుపడ్డాడు. దుర్గయ్య బాలకిషన్ వైపు చూశాడు. బాలకిషన్ పిల్లల వైపు చూశాడు. మొగులయ్యను రిక్షా ఎక్కిస్తుంటే, ఆయన పిల్లలను వరుసలో నిలబెట్టి బడికి మళ్లించాడు.

రెండు వేళ్లు తీసేశారని తర్వాత తెలిసింది. ఆ మాట విన్నాక సుద్దముక్క పట్టుకుంటే తన వేళ్లే తనకు కనబడేవి. ఉండబట్టలేక సంత్రా పండ్లు కొనుక్కుని అఫ్జల్‌గంజ్ దవాఖానకు వెళ్లాడు.

మొగులయ్య మంచం మీద జరిగి చోటిచ్చాడు. "ఒక్కటి సమజైతలేదు సార్. దుర్గయ్య ఎప్పటి లెక్కనే ఇసిరిండు, నేను ఎప్పటి లెక్కనే పట్టిన. గట్లెందుకు తాకింది? నజర్ తప్పిందంటుండు మేస్త్రీ. తప్పిందేమో."

"నీ నజర్ తప్పలేదు. సీదా విసిరితే నీ కాడికొచ్చేసరికి ఇటుక జోరంతా అయిపోతది. దూరం నుంచి విసిరితే పైకొచ్చే జోరే అయిపోతది. ముందుకొచ్చే జోరు పోదు. గదే నిన్ను కొట్టింది."

"మీకు ముందుగాల్నే ఎరికేనా సార్?"

"ఔ. నేను చెప్పే పాఠమే గది."

మొగులయ్య కట్టు కట్టిన చేతిని ఒళ్లోకి తీసుకున్నాడు. "ఒక్క మాట చెప్తే పక్కకు జరుగుతుంటి," అన్నాడు. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని బాలకిషన్‌కు అనిపించింది.

అక్కణ్నుంచి తిన్నగా ఆబిడ్స్‌కు పోయి, కూలీలందరూ వింటుండగా వెంకటేశానికి జరిగింది చెప్పాడు. "గా దినమే చెప్పకపోతిరి సార్. ఊకెనే వాన్ని తిడితి," అన్నాడు మేస్త్రీ. మొగులయ్యకు సామాన్ల దగ్గర కావలి పని ఇచ్చాడు. అది ముగిశాక హిమాయత్‌నగర్‌లో కొత్త గోడలకు నీళ్లు కొట్టే పనికి తీసుకుపోయాడు.

బాలకిషన్ అప్పుడప్పుడు అక్కడికి వెళ్లేవాడు. మొగులయ్య ఎడమచేత్తో చెంబు అందించి, "కూసోండ్రి సార్," అనేవాడు. అక్కడే పనిచేస్తున్న దుర్గయ్య మాత్రం ఆయన వచ్చినప్పుడల్లా ఇసుక జల్లెడ వైపు తిరిగి నిలబడేవాడు.