కడియం మీద మొలిచిన ఆకులు

నిన్న ప్రొద్దుటూరు పోస్టాఫీసులో వరుసలో నిలబడ్డాను. నా ముందున్నాయన పార్శిల్‌కి సీలు వేయడానికి గుమాస్తా కొవ్వొత్తి మీద లక్క కరిగిస్తున్నాడు. మాడిన బెల్లంలాంటి ఆ వాసన ముక్కుకు తగలగానే నా అరచేతులకు చెమట పట్టింది. రోజూ లక్కతోనే పని చేస్తున్నా, ముప్పై ఏళ్లుగా ఇంతే. లక్క వాసన వస్తే ముందు ఓబులాచారి మామ గుర్తొస్తాడు, వెంటనే వాకిట్లో జీపు ఆగిన చప్పుడు గుర్తొస్తుంది. రెండింటినీ విడదీయడం ఇప్పటిదాకా నా వల్ల కాలేదు.

ఆచారి మామ బంగారు అంగళ్ల వీధి వెనక సందులో నగిషీలు చెక్కేవాడు. తాళిబొట్టు మీద తామరపువ్వు, వెండి చెంబు మీద నెమలి, ఉంగరం లోపల పెళ్లికొడుకు పేరు, ఏదైనా ఆయన దగ్గరికే వచ్చేది. నేను మిషన్ బడి అయ్యవారి కూతుర్ని. టీచరు ఉద్యోగం కోసం ఎదురుచూసి ఎదురుచూసి ఇరవై ఆరేళ్లు మీద పడ్డాయి. మా నాయన దిద్దించిన దస్తూరి తప్ప నా దగ్గర ఆస్తి ఏమీ లేదు. ఆ దస్తూరి చూసే మామ నన్ను పిలిపించాడు. "పువ్వయితే ఎట్లయినా పూయిస్తా కరుణమ్మా, అక్షరం మాత్రం నాకు లొంగదు. నువ్వు రాసియ్యి, నేను చెక్కుతా" అన్నాడు. లోహానికి పల్చగా సున్నం పూసి, ఆరాక దాని మీద సూదితో పేరు రాసేదాన్ని. ఆయన ఆ గీత వెంబడి ఉలి తోసేవాడు. రెండేళ్లు అలాగే గడిచాయి. తర్వాత ఒకరోజు ఉలి జారి ఒక ఉంగరం పాడైంది. మర్నాడు మరొకటి. ఆయన కుడిచెయ్యి వణుకుతోందని సందులో అందరికంటే ముందు నాకే తెలిసింది.

ఆ తర్వాత చెక్కింది నేనే. తెర వెనక చాప మీద కూర్చుని నేను చెక్కేదాన్ని, తెర ముందు కూర్చుని ఆయన మాట్లాడేవాడు. తాళిబొట్టు మీద ఆడమనిషి, అందులోనూ ఆచారుల ఇంటి పిల్ల కానిది, ఉలి పెట్టిందని తెలిస్తే ఆ అంగడి గడప ఎవరూ తొక్కరు. అందుకని ఊరికి అది ఆచారి పనితనమే. నాకు కోపం వచ్చేది కాదని చెబితే అబద్ధం. కానీ నేర్పించడంలో ఆయన ఏదీ దాచుకోలేదు. వేడి లక్క ముద్దలో నగను గట్టిగా దిగేయడం, పాత ఆకురాయిని సానపట్టి ఉలి చేసుకోవడం, అన్నిటికంటే ముఖ్యంగా వంపు తీయడం. "వంపు వచ్చిందని చెయ్యి తిప్పాకు. చెయ్యి ఆడనే ఉండాల. ఎడమచేత్తో లక్కముద్దను తిప్పు. ఉలి కదలకూడదు, నగ తిరగాల" అని రోజుకు నాలుగుసార్లు చెప్పేవాడు.

అవి ఎవరి జీపు ఎవరి వాకిట్లో ఆగిందో చూసుకుని మనిషి పార్టీ ఏదో తేల్చేసే రోజులు. జమ్మలమడుగు దగ్గరి ఒక ఊరి పెద్దాయన తన మనుషులకు వెడల్పాటి వెండి కడియాలు చేయించి, పైన తన పేరు చెక్కించాడు. ఆ కడియాలన్నీ మా అంగట్లోనే అయ్యాయి. పేరు రాసిందీ నేనే, చెక్కిందీ నేనే. ఆ చేతులు ఏ పనులకు పోతాయోనని భయం ఉండేది. ఆ సంగతి మామతో అంటే, "మనకు పేరు ఎవురిదైనా ఒకటే. పేరు చెక్కుతాం, తుడపం. తుడిపినామంటే మనమూ ఒక పార్టీ అయిపోతాం" అన్నాడు. అది ఆ అంగడి కట్టుబాటు.

దాన్ని తప్పింది నేను. మామ బంధువుల పెళ్లికని జమ్మలమడుగు పోయిన రోజు, మిట్ట మధ్యాహ్నం నరసింహులు అనే మనిషి వచ్చాడు. చేతికి ఆ కడియమే. అంగట్లో మగమనిషి లేడని చూసి వెనక్కి తిరిగినవాడు, తెర సందులోంచి నా ఒళ్లో ఉలి చూసి ఆగిపోయాడు.

"అక్కా, నాకీ గొడవలు వద్దు. నా పెండ్లాం నిండు మనిషి. పులివెందుల పక్క చీనీకాయల తోటలో పని దొరికింది, పోతాండా. కడియం తీసేస్తే మావోళ్లు నన్ను వదలరు. ఉంచుకుంటే ఆ పేరు చూసి అవతలోళ్లు వదలరు. ఏమన్నా చెయ్యక్కా" అన్నాడు.

ముప్పై కూడా ఉండవు అతనికి. మాట్లాడుతున్నంతసేపూ వీధి వైపే చూస్తున్నాడు. నేను కట్టుబాటు గుర్తు చేసుకున్నాను, ఆ కడుపుతో ఉన్న మనిషినీ తలుచుకున్నాను. కడియాన్ని లక్కలో దించాను. లోతుగా చెక్కిన పేరును గీకితే వెండి పల్చబడి చెరిపినట్టు తెలిసిపోతుంది. అందుకని గీకలేదు. అక్షరాల గుండ్రాలను కలుపుకుంటూ తీగ పాకించాను. తలకట్లను ఆకులు చేశాను. రెండు గంటల్లో పెద్దాయన పేరు ఒక పచ్చని పాదు అయిపోయింది. దూరానికి అదే కడియం, దగ్గరికి చదవబోతే పేరు లేదు. నరసింహులు దాన్ని తొడుక్కుని, నాకు దండం పెట్టి, వీధి చివర చూసుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం మామ రాగానే పళ్లెంలో వెండి రజను చూశాడు. ఆ వారం మాకు వెండి పని లేదు. దాచలేక చెప్పేశాను. ఆయన మొహం పాలిపోయింది. వీధి తలుపు మూసి వచ్చాడు. తర్వాత ఒక రాగిరేకు ముందుకు తోసి, "ఆ తీగ ఎట్లా తీసినావో చూపీ" అన్నాడు. చూపించాను. భూతద్దం పెట్టి చూసి, "ఈ మలుపు నాది కాదమ్మా. నీది" అన్నాడు. ఆయన నోట నేను విన్న ఒకే ఒక మెప్పు అది. దాన్ని సంతోషంగా వినే స్థితిలో నేను లేను.

మూడు రోజులు ప్రతి జీపు చప్పుడుకూ ఉలిక్కిపడ్డాను. నాలుగో రోజు పొద్దున జీపు మా వాకిట్లోనే ఆగింది. పెద్దాయన బావమరిది, వెంట ఇద్దరు.

"ఏంది ఆచారీ, మా కడియం మీద ఆకులు మొలిచినాయంట?" అన్నాడు బావమరిది నవ్వుతూ. నరసింహులును ముద్దనూరు స్టేషన్లో వాళ్ల మనిషి పట్టుకుని కడియం చూశాడట. పెనుగులాడి అతను కదిలే రైలెక్కేశాడు. "యాడికి పోతాడులే, దొరుకుతాడు. ముందు తుడిపిందెవురో చెప్పు."

నేను తెర పక్కన నిలబడి ఉన్నాను. 'నేనే' అనాలి. రెండు అక్షరాలు. తెర అంచును వేళ్లకు చుట్టుకుంటూ ఉండిపోయాను.

"నేనే" అన్నాడు మామ.

"నీ చెయ్యి వణుకుతాందని ఊరంతా అంటాండారే? ఏదీ, మా ముందర తియ్యి ఆ తీగ."

మామ కదలకుండా, "కరుణమ్మా, లక్క కాచు" అన్నాడు. కొత్త రాగిరేకును లక్కలో దించుతుంటే నా వేళ్లు కాలాయి, తెలియలేదు. ఆయన ఉలి పిడిని అరచేతిలో కుదించి, మోచేతిని పక్కటెముకలకు అదిమిపెట్టి, ఊపిరి బిగబట్టాడు. చెయ్యి ఆగింది. "తిప్పమ్మా" అన్నాడు. నేను లక్కముద్దను తిప్పాను. ఉలి ఉన్నచోటే ఉంది, రాగి తిరిగింది. నా మలుపు, నా ఆకు, ఆయన ఉలి కింద ఒక్కొక్కటే వచ్చాయి. ఆయన మెడ మీద చెమట ధారగా కారుతోంది. ఎక్కడైనా ఒక్క గీత జారితే ఇద్దరం అయిపోయినట్టే. జారలేదు.

బావమరిది రేకును వెలుతురులో పెట్టి చాలాసేపు చూశాడు. "మా పేరు ఎందుకు తీసినావు?"

"అడిగినాడు, చేసినా. తప్పే. ఏం చేస్తారో నన్ను చెయ్యండి."

ముసలాయనను కొట్టడానికి చెయ్యి రాలేదో, మరేమిటో. గుడ్డలో చుట్టి ఉన్న ఉలులన్నీ తీసుకుని, "ఇంగ ఈ ఊర్లో నువ్వు ఉలి పట్టాకు" అని వెళ్లిపోయారు. వారం లోపే మామ అంగడి మూసి, మైదుకూరులో కూతురి ఇంటికి చేరాడు.

నెల తర్వాత చూడటానికి పోయాను. అరుగు మీద ఖాళీ చేతులతో కూర్చుని ఉన్నాడు. ఆయన కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చేశాను. "నేను చెప్పాల్సింది మామా. నోరు రాలేదు."

"నువ్వు చెప్పింటే మంచి చెయ్యి పోయేది. నాది ఎట్లాగూ పోయిన చెయ్యే కదమ్మా" అన్నాడు. నా చేతులకేసి చూసి, "ఒక్క ఉలన్నా మిగిలిందా?" అని అడిగాడు. జీపు వచ్చిన రోజు నా చీర కుచ్చిళ్లలో దోపుకుని ఉండటంతో మిగిలిపోయిన ఉలిని తీసి చూపించాను. తీసుకోలేదు. నా వేళ్లు మూసేశాడు. కొన్నేళ్లకు, కాలం మారాక, ఆ ఉలితోనే నేను అంగడి పెట్టుకున్నాను. ఎవరు అడిగినా, ఇది ఆచారి మామ నేర్పిన పని అనే చెప్పాను. తీగ సంగతి మాత్రం ఎక్కడా ఎత్తలేదు.

పోయిన నెల పులివెందుల నుంచి ఒకమ్మాయి వచ్చింది. నరసింహులు కూతురు. తల నెరిసేదాకా చీనీతోటల్లోనే బతికి, జబ్బుతో మంచాన పడి చనిపోయాడట. కడియం అరిగింది, తీగ మళ్లీ చెక్కి, లోపల నాయన పేరు పెట్టమంది. నిన్న దాన్నే పార్శిల్ చేయడానికి వెళ్లాను.

నా వంతు వచ్చింది. బీమా కోసం గుమాస్తా పొట్లం విప్పి కడియాన్ని చూశాడు. అటూ ఇటూ తిప్పాడు. "ఎవురు చెక్కినారమ్మా ఇంత బాగా?"

"నేనే" అన్నాను.

అని, వెంటనే వాకిలి వైపు చూశాను.