జెయింట్ వీల్లో పెళ్ళిచూపులు

ఆ రోజుల్లో ఎండాకాలం వచ్చిందని నేను క్యాలెండర్ చూసి తెలుసుకునేదాన్ని కాదు, ఎగ్జిబిషన్ లారీలను చూసి తెలుసుకునేదాన్ని. స్కూళ్ళకు సెలవులిచ్చే వేళకు నరసరావుపేటలో ఊరి చివర ఖాళీ స్థలంలో లారీలు ఆగేవి. వాటిలోంచి తుప్పు పట్టిన ఇనప కమ్మీలు దిగేవి, రెండు మూడు రోజుల్లో ఆ కమ్మీలకు రంగు లైట్లు తగిలించి జెయింట్ వీలని పేరు పెట్టేవాళ్ళు. నాకింక అన్నం సహించేది కాదు. అప్పటికి నేనేమీ చిన్నపిల్లను కాదు, ఇరవై మూడేళ్ళున్నాయి, ఒక ప్రైవేటు స్కూల్లో ఐదో క్లాసుకు లెక్కలు చెప్పే టీచర్ని. అమ్మా నాన్నా గురజాల పక్కన పల్లెలో మిరప చేలు చూసుకుంటుంటే, నేను పేటలో పెద్దమ్మ ఇంట్లో ఉండి ఉద్యోగం వెలగబెడుతుండేదాన్ని. మా పిల్లలు నాకు వెనకమాల పెట్టుకున్న పేరు జెయింట్ వీల్ టీచరు. (ముందు కోపం వచ్చింది గానీ, పక్క సెక్షన్ టీచరుకు పెట్టిన పేరు విన్నాక నాదే నయమనుకున్నాను.)

ఆ పిచ్చి అందరికీ ఉండేది కాదని నాకు చానా ఆలస్యంగా తెలిసింది. కొలంబస్ ఓడలో మధ్య వరసలో కూర్చుని ఊగొచ్చామని చెప్పుకునేవాళ్ళను చూస్తే నాకు జాలేసేది. దాని మజా అంతా చివరి వరసలోనే, అది పైకి లేచి ఒక్క క్షణం ఆగుతుందే, అక్కడ. బ్రేక్ డాన్స్ ఎక్కే ముందు బజ్జీలు తినకూడదు, దిగాక తినాలి. జెయింట్ వీల్లో అందరికంటే ముందెక్కాలి. మిగతా డబ్బాలు నిండేదాకా వాడు కొంచెం కొంచెం తిప్పి ఆపుతుంటాడు, అట్లా పైన ఆగినప్పుడు పేట లైట్లన్నీ ఒక పక్క, కోటప్పకొండ మీది లైట్లు ఒక పక్క కనపడతాయి. ఇవన్నీ నేను స్టాఫ్ రూములో చెబుతుంటే హెచ్చెమ్ గారు, "ఈ శ్రద్ధ సిలబస్ మీద పెడితే బాగుంటుందమ్మా" అనేవారు.

అసలు చిక్కు పెళ్ళి సంబంధాల దగ్గర వచ్చింది. మొదటి సంబంధం వాళ్ళు ఎవరి ద్వారానో నా సంగతి విని, "ఆడపిల్లకు ఆ ఊగులాట పిచ్చేంది?" అని ఇంటికి రాకుండానే ఊరుకున్నారు. రెండోది వినుకొండ అబ్బాయి. మమ్మల్ని మాట్లాడుకోమని గదిలో వదిలితే, నీకు ఇష్టమైనవేంటని అడిగాడు. నేను నిజం చెప్పాను. ఆయన నవ్వి, "సరేలే, పెళ్ళయ్యాక అవన్నీ మానెయ్యాలి మరి" అన్నాడు. "మిమ్మల్నే మానేస్తాలెండి" అన్నాను. అంతే, ఆయన కాఫీ కూడా తాగకుండా లేచిపోయాడు. నాన్న నన్ను పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేది. పొద్దు గూకేదాకా అరుగు మీద కూర్చుని, "ఇంకొక్కటి చూస్తానమ్మా. అదీ చెడగొట్టావంటే నాకింక ఓపిక లేదు" అన్నాడు. నాకు పెళ్ళంటే ఇష్టం లేక కాదు. మానెయ్యడమంటేనే భయం. మా అమ్మ పెళ్ళికి ముందు భలే పాడేదంట. ఎప్పుడు మానేశావే అని అడిగితే ఆమెకే గుర్తు లేదు. ఆమెనెవరూ మానెయ్యమని కూడా అనలేదంట, అదింకా భయం నాకు.

మూడో సంబంధం మాచర్ల వాళ్ళు. అబ్బాయికి విజయపురి సౌత్‌లో డ్యామ్ దగ్గరి ఇరిగేషన్ ఆఫీసులో ఉద్యోగం, తండ్రి లేడు, తల్లీ కొడుకే. ఈసారి మా పెద్దమ్మ తెలివిగా ఆలోచించింది. ఇంటికొచ్చి టిఫిన్లు తిని వద్దంటే నలుగురికీ తెలుస్తుంది గనక, "అనుకోకుండా కలిసినట్టు" ఏర్పాటు చేసింది. మా వైపు ఇదొక పద్ధతి. రెండు వైపులా ముందే చెప్పుకుని, టైము కూడా అనుకుని, అక్కడికెళ్ళి ఒకరినొకరు చూసి ఆశ్చర్యపోవాలి. నచ్చితే సరే, నచ్చకపోతే ఎవరూ ఎవరినీ చూడలేదన్నమాట. చోటు ఎక్కడని ఆలోచించి ఆలోచించి, ఆ మహాతల్లి ఎగ్జిబిషన్ని ఎంచుకుంది! గాజుల షాపు ముందు, ఢిల్లీ అప్పడాల పక్కన. పొద్దున్నించీ అద్దం ముందు నిలబడి, "అయ్యో వదినా! మీరేంది ఇక్కడ!" అని ప్రాక్టీసు చేసింది. ఒకసారి చెయ్యి బుగ్గన పెట్టి, ఒకసారి గుండె మీద పెట్టి. బయల్దేరే ముందు నాకు మాత్రం గట్టిగా చెప్పింది. "ఏమే, ఈ ఒక్క రోజూ ఆ తిరిగే వాటి జోలికి పోమాక. అబ్బాయి వాళ్ళమ్మ చానా గట్టి మనిషంట. నవ్వదంట. మనిషిని చూపుతోనే కొలుస్తదంట." సరేనని పెద్దమ్మ నెత్తి మీద చెయ్యిపెట్టి ఒట్టేశాను. (తర్వాత ఆమెకు వారం రోజులు తలనొప్పి వచ్చింది. అది ఎండకేనని నా నమ్మకం.)

పల్లె నుంచి అమ్మా నాన్నా కూడా వచ్చారు, మేం ముందే వెళ్ళాం. మాచర్ల బస్సు ఇంకా రాలేదని మాకు మేమే అనుకున్నాం. అప్పుడే లైట్లు వెలిగాయి, జెయింట్ వీల్ వాడు గంట కొట్టాడు. ఆ గంట వింటే నా కాళ్ళు నా మాట వినవు. "గాజులు చూస్తుంటా పెద్దమ్మా" అని జారుకున్నాను. ఒక్క రౌండు, వాళ్ళొచ్చేలోపే దిగిపోతాననుకున్నాను. తీరా వెళ్తే అక్కడి మనిషి నన్ను ఆపాడు. "సింగిల్ ఎక్కనియ్యం మేడమ్. డబ్బా ఒక పక్కకు వంగుద్ది. ఇంకో లేడీస్ ఎవరన్నా రావాల." నేను దిక్కులు చూస్తుంటే వెనక నించి ఎవరో, "నేనొస్తా పద" అన్నారు. యాభై ఏళ్ళావిడ. ఆకుపచ్చ నేత చీర, లాగి బిగించిన ముడి, మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసుకుంటోంది. (మీకు ఈపాటికే అర్థమయ్యుంటుంది. లెక్కల టీచర్ని, నాకు మాత్రం ఆ లెక్క తట్టలేదు.)

మా డబ్బా కొంచెం లేచి ఆగింది. ఆవిడ కమ్మీని రెండు చేతులా పట్టుకుని, "ఒక్కదానివే వచ్చావా అమ్మాయ్?" అంది. నాకు భయమేసినా సంతోషమేసినా నోరు ఆగదు. "లేదండీ, పెళ్ళిచూపులకు వచ్చా" అన్నాను. "ఎవరికి?" "నాకే." "మరి ఇక్కడున్నావేంది?" వాళ్ళింకా రాలేదని చెప్పి, ఇంకో రెండు డబ్బాలు నిండేలోపు వినుకొండ అబ్బాయితో సహా నా చరిత్రంతా చెప్పేశాను. "ఈ అబ్బాయి తల్లి గట్టి మనిషంటండీ. నవ్వనే నవ్వదంట, మనిషిని చూపుతోనే కొలుస్తదంట. ఆమె పెంపకం కదా, ఈయన కూడా మానెయ్యమంటాడేమో. అప్పుడు కాదంటే మా నాన్న మొహం చూడలేను. సరేనంటే నా మొహం నేను చూసుకోలేను" అని, ఉన్నట్టుండి ఏడుపొచ్చి ముక్కు తుడుచుకున్నాను.  పైకెళ్ళి ఆగినప్పుడు ఆవిడ కిందికి చూస్తూ, "నేను కాపరానికొచ్చిన కొత్తల్లో తిరునాళ్ళకు రంగులరాట్నం వచ్చింది. ఎక్కుతానని అన్నా. మా అత్త ఒక్క చూపు చూసింది" అంది. "తర్వాతెప్పుడూ ఎక్కలేదా?" అన్నాను. "ఇదిగో, ఇప్పుడే. మావాడికి మిక్సీల షాపు చూసొస్తానని చెప్పి వచ్చా."

అంతలో వీల్ తిరగడం మొదలెట్టింది. మొదటిసారి కిందికి దిగేటప్పుడు ఆవిడ నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగిపోయాయి. "అరవండి! అరిస్తే భయం పోద్ది!" అన్నాను. "నలుగురిలో అరిస్తే ఏం బాగుంటదమ్మాయ్!" అంది పళ్ళు బిగబట్టి. రెండోసారి దిగేటప్పుడు ఆవిడ నోటినుంచి "ఓరి నాయనోయ్!" అని ఒక కేక వచ్చింది చూడండీ, ముందు డబ్బాలో కుర్రాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఇంక ఆ నోరు మూతపడలేదు. "సచ్చాన్రోయ్! దేవుడోయ్! ఇంకా జోరుగా తిప్పరా అబ్బాయ్!" ముడి ఊడిపోయింది, పైట ఎగిరి నా మొహాన పడింది. నేను పైట తొలగించుకునేసరికి కింద గాజుల షాపు దగ్గర పెద్దమ్మ నా కోసం వెతుకుతూ కనపడింది. ఇంకో చుట్టు తిరిగేసరికి పెద్దమ్మా, అమ్మా, నాన్నా, వాళ్ళ పక్కన ఫోటోలో చూసిన పొడుగు మనిషీ ఉన్నారు. ఒకరికొకరు తెలియనట్టు చెరో పక్కకు చూస్తున్నారు, పాపం, పద్ధతి ప్రకారం. ఆ తర్వాతి చుట్టుకు నలుగురూ తలలెత్తి పైకే చూస్తున్నారు. పెద్దమ్మ నోరు తెరుచుకుని ఉంది.

"అడుగో మావాడు" అంది ఆవిడ ఆయాసపడుతూ. "ఏ అబ్బాయండీ?" "ఆ చారల చొక్కా. నీ ఫోటో నా సంచిలోనే ఉందే పిచ్చిదానా. ఎక్కేటప్పుడే గుర్తుపట్టా."

వీల్ ఆగింది.  మేం దిగి నడుచుకుంటూ వస్తుంటే పెద్దమ్మ ఏం చెయ్యాలో తోచక, పొద్దున్నించీ నేర్చుకున్నదే అనేసింది. "అయ్యో వదినా! మీరేంది ఇక్కడ!" చెయ్యి బుగ్గనా పెట్టింది, గుండె మీదా పెట్టింది. ఆవిడ నవ్వలేదు. నిదానంగా ముడి వేసుకుంది, పైట సర్దుకుంది, ఒక్కొక్కరినే చూసింది. "మీ అమ్మాయి పైన నాకు అన్నీ చెప్పింది" అంది. నాన్న నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. కోపం కాదది, అలసట. మళ్ళీ చెడగొట్టావా అమ్మా అన్నట్టు. భూమి చీలితే దూరిపోదునని నాకు అనిపించింది నిజంగా. "నేను నవ్వనంట. చూపుతోనే కొలుస్తానంట" అంటూ ఆవిడ పెదాలు బిగబట్టింది, కానీ ఆగలేదు. అప్పడాల పళ్ళాన్ని పట్టుకుని పడీ పడీ నవ్వింది. వాళ్ళబ్బాయి తల్లిని ఎప్పుడూ చూడనట్టు చూస్తూ, "అమ్మా, ఇందాక అరిచింది నువ్వా?" అన్నాడు. "నేనే. ఏం?"

ఇంక దాచడానికేం మిగల్లేదు గనక నేనే తెగించి ఆయన్ని అడిగాను. "మీరెక్కుతారా?" ఆయన వీల్ని కిందినుంచి పైదాకా చూసి, "నాకు మేడ మెట్ల మీదినుంచి కిందికి చూస్తేనే కళ్ళు తిరుగుతయ్యండీ" అన్నాడు. "మరి డ్యామ్ దగ్గర ఉద్యోగం ఎట్లా చేస్తున్నారు?" "మా ఆఫీసు కిందే ఉందండీ." అప్పుడు అసలు ప్రశ్న అడిగాను. "నేనెక్కితే?" ఆయనకు ఆ ప్రశ్నలో అడగడానికేముందో అర్థం కాలేదు. "ఎక్కండి. అమ్మను కూడా తీసుకెళ్ళండి. నేనిక్కడ ఉంటా" అని, తల్లి ఏమీ అనకముందే వెళ్ళి క్యూలో నిలబడి రెండు టికెట్లు తెచ్చాడు. నేను నాన్న దగ్గరికెళ్ళి, "ఇంక వెతకమాక నాన్నా" అన్నాను. నాన్న ఆయన వైపు అనుమానంగా చూసి, "ఆ అబ్బాయి ఎక్కడు గదమ్మా?" అన్నాడు. "ఎక్కకపోతే పోనీ. మానెయ్యమనలా" అన్నాను. అమ్మ అదంతా వింటూ నా జడ సరిచేసింది.

పెళ్ళయ్యాక అత్తయ్యా నేనూ వదిలిన ఎగ్జిబిషన్ లేదు. పిడుగురాళ్ళ, సత్తెనపల్లి, వినుకొండ, తిరునాళ్ళకు కోటప్పకొండ. మాచర్లలో మా అత్తయ్యను జనం ఇప్పటికీ గట్టి మనిషనే అంటారు, కొలంబస్ వాళ్ళు మాత్రం ఆమె గొంతు ఎరుగుదురు. మా ఆయన ఇన్నేళ్ళలో ఒక్కటీ ఎక్కలేదు, ఎక్కడెక్కడ మంచి అప్పడం దొరుకుతుందో మాత్రం బాగా తెలుసుకున్నాడు. ఈ ఎండాకాలం అత్తయ్యకు రెండు మోకాళ్ళకూ ఆపరేషనయింది. తిరిగేవి, ఊగేవి ఏవీ వద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్ళి కుర్చీ వేసి కూర్చోబెట్టాం. నాక్కూడా నలభై దాటాయి, మెడ పట్టేస్తోంది, బీపీ బిళ్ళ వేసుకుంటున్నాను. తొమ్మిదో క్లాసు చదివే మా అమ్మాయి, "అమ్మా, మా ఫ్రెండ్స్ వస్తారు, నువ్వు అరవమాక" అని ముందే వార్నింగిచ్చింది. నేను అత్తయ్య పక్కన కూలబడి, "మీరు లేకుండా నాకేం బాగుంటుంది అత్తయ్యా. ఇంక నేను కూడా మానేస్తాలెండి" అన్నాను. ఎవరూ అడక్కుండానే ఆ మాట నా నోటినుంచి ఎంత తేలిగ్గా వచ్చేసిందో!

అత్తయ్య చూపుతోనే నన్ను కొలిచింది. "మన ఇంట్లో నిన్ను మానెయ్యమన్నవాళ్ళు ఎవరే? పో, ఎక్కు" అంది.

ఎక్కాను. కిందినుంచి ఆమె, "జోరుగా తిప్పరా అబ్బాయ్!" అని కేకలేస్తుంటే, మా అమ్మాయి సిగ్గుతో మొహం కప్పుకుంది. దిగాక అరగంట దాకా నాకు నేల నిలబడలేదు. ఆ సంగతి అత్తయ్యకు మాత్రం చెప్పలా.